నాలుగో చుక్క

నా ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే మా అత్తగారు నాకు నోరు తెరిచే అవకాశం ఇవ్వరు. "మా కోడలు పొగ లెక్కపెడుతుంది" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. మొదట్లో నాకు చిర్రెత్తుకొచ్చేది. తర్వాత ఆలోచిస్తే అంతకంటే బాగా నేనూ చెప్పలేననిపించింది. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఒక మేడ మీద మా ఆఫీసు. భూమి వేడెక్కడానికి కారణమయ్యే వాయువులు బెంగళూరులో ఏ వీధి నుంచి, ఏ పని వల్ల, ఎంతెంత గాల్లోకి పోతున్నాయో లెక్క తీయడం మా పని. బస్సుల డీజిలు, అపార్ట్‌మెంట్ల జనరేటర్లు, హోటళ్ళ పొయ్యిలు, కుళ్ళిన చెత్త, అన్నీ వస్తాయి అందులో. ముందు లెక్క తేలాలి, తర్వాతే తగ్గించే మాట. ఇది మా ఆఫీసులో పొద్దున్నే అందరం తాగే కాఫీ లాంటి మాట.

ఈ ఉద్యోగం వల్ల నాకో జబ్బు పట్టుకుంది. ఎవరైనా "మా ఏరియా చాలా గ్రీన్ అండీ" అంటే చాలు, "లెక్క చూపించండి" అంటాను. పెళ్ళి పందిట్లో కూడా అన్నాను. మా ఆయన పక్కనుంచి మోచేత్తో పొడుస్తూనే ఉంటాడు, నా నోరు ఊరుకోదు. ఆ నోరు ఊరుకోవలసిన చోట ఊరుకోక, మాట్లాడవలసిన చోట మూసుకుపోవడం వల్ల ఏం జరిగిందో ఇప్పుడు చెప్పబోతున్నాను. ఇది నేను గొప్పగా చెప్పుకునే సంగతి కాదు.

మేముండేది సర్జాపుర రోడ్డులో ఒక అపార్ట్‌మెంటు. వెనక గోడకీ ఆఖరి బ్లాకుకీ మధ్య మూడు గుంతలుండేవి. ఇటుకలతో కట్టినవి, నడుమెత్తు గోడలు, పైన రేకు. ఇళ్ళల్లోంచి వచ్చే కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం, వాడిన పూలు అన్నీ రోజూ పొద్దున అక్కడికి చేరేవి. ఎండుటాకులు కలిపి, పొర మీద పొర వేసి, రెండు రోజులకోసారి పారతో, ఇనప పళ్ళున్న పళ్ళకర్రతో అడుగుది పైకి, పైది అడుక్కి తిరగేస్తే నెలన్నరకి నల్లటి ఎరువు అయ్యేది. ఆ పనంతా ఒక్క మనిషే చేసేది. నాకంటే పదేళ్ళు పెద్దది. నేను అక్కా అనేదాన్ని.

చింతామణి వైపు పల్లె ఆవిడది. ఉండేది బొమ్మనహళ్ళిలో. పదిహేనేళ్ళు అక్కడే ఒక బట్టల ఫ్యాక్టరీలో కాజాలు కుట్టి, చూపు మందగించాక మానేసి మా దగ్గరికొచ్చిందట. ఎనిమిదేళ్ళుగా ఆ గుంతలు ఆవిడవే. ఎరువుని కన్నడంలోలాగా గొబ్బరం అనేది. "ఫ్యాక్టరీలో నేను కుట్టిన చొక్కా ఎవురు వేసుకుంటారో నాకు తెల్వదమ్మా. ఈడ నేను చేసిన గొబ్బరము ఆ గులాబీ చెట్టుకు పోతాది, నేను దినామూ దాన్ని చూస్తా పోతా" అంది ఒకసారి. ఎక్కడైనా ఇంకో పని దొరకొచ్చేమో గానీ, ఈ వయసులో, ఆ కళ్ళతో, ఇష్టపడే పని ఆవిడకి ఇదొక్కటే.

వేసవి చివర్లో మా అపార్ట్‌మెంటు సంఘం వాళ్ళు ఒక ఆలోచన తెచ్చారు. గుంతలు తీసేసి ఆ స్థలంలో కరెంటు కార్లకి చార్జింగు పెట్టాలని. తడి చెత్తని లారీకిచ్చి పంపేయొచ్చని. మా సంఘం కార్యదర్శి హైదరాబాద్ అబ్బాయి, ఐటీలో పెద్ద ఉద్యోగం, చెడ్డవాడు కాదు. లిఫ్టులో కనబడితే నవ్వుతూ మాట్లాడతాడు. తనకీ కరెంటు కారే.

"రెండూ గ్రీనే కదా మేడం. ఏది ఎక్కువ గ్రీనో తేలితే సరిపోతుంది" అన్నాడు నాతో.

"లెక్క చూడకుండా ఎలా తేలుస్తారు?" అన్నాను నేను. జబ్బు కదా.

"అయితే మీరే చూడండి మేడం. మీ ప్రొఫెషనే అది. వచ్చే సండే మీటింగ్‌లో డేటా ఏం చెప్తే అదే ఫైనల్."

నాకు లోపల ఎంత సంతోషమేసిందో దాచడం ఎందుకు. ఊరందరి పొగ లెక్కపెట్టే మనిషిని, నా సొంత ఇంటి వెనక లెక్క నన్నే అడిగారు. పైగా ఆ గుంతలు మంచి అంకె ఇస్తాయని నాకు గట్టి నమ్మకం. చెత్తకి గాలి అందితే వచ్చే చెడు వాయువు తక్కువ. గాలందక లోపల మగ్గితే మీథేన్ పుడుతుంది, అది మామూలు పొగ కంటే ఎన్నో రెట్లు వేడి పట్టి ఉంచుతుంది. ఊరి బయట చెత్త గుట్టల్లో జరిగేది అదే. అక్క గుంతలు తిరగేస్తుంది కాబట్టి గాలి ఆడుతుంది. లెక్క చూపిస్తే గుంతలు నిలుస్తాయి, అక్క పనీ నిలుస్తుంది. అప్పటికి నా మనసులో ఉన్నది అదే.

మీటింగ్‌కి వారం ముందు ఆదివారం తొమ్మిదింటికి ఆఫీసు పరికరం తెచ్చాను. పెద్ద పనేమీ కాదు. ఒక స్టీలు డబ్బాని చెత్త మీద బోర్లించాలి. దానికో సన్నటి గొట్టం, గొట్టం చివర టిఫిన్ క్యారియరంత మీటరు. డబ్బాలో వాయువు ఎంత త్వరగా పేరుకుంటోందో మీటరు గీత గీస్తుంది. చూడ్డానికి పదిమంది దాకా వచ్చారు. నేను చీర కొంగు దోపుకుని పెద్ద పోటుగత్తెలా ఒక్కొక్కటీ వివరిస్తున్నాను. గుంతల ముందు శుభ్రంగా ఊడ్చి, నీళ్ళు చల్లి, చిన్న ముగ్గు కూడా వేసి ఉంది. అక్క తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని గోడ వారగా నిలబడింది. చెత్త మీద సన్నగా ఆవిరి లేస్తోంది. దాన్ని చూశాను. చూసి కూడా ఏమీ అడగలేదు. పదిమంది ముందు మాట్లాడుతున్నాను కదా, నా ధ్యాసంతా నా మాటల మీదే ఉంది.

మీటరు గీత లేచింది. లేస్తూనే ఉంది. మూడు గుంతలమీదా అంతే. అంత మీథేన్ నేను మురుగు కాలువల పక్కన మాత్రమే చూశాను. కార్యదర్శి నా భుజం మీదుగా తొంగి చూసి, "ఎక్కువా మేడం?" అన్నాడు. "చూడాలి" అన్నాను.

రెండు రోజులు ఆ అంకెలతో కుస్తీ పట్టాను. మీటరు సరిగ్గానే ఉంది. నాకు నచ్చని అంకె వస్తే దాచేయడం మొదలుపెడితే ఇక నా ఉద్యోగానికి అర్థమేముంది అనుకున్నాను. మంగళవారం సాయంత్రం, ఉన్నది ఉన్నట్టు రాసి కార్యదర్శికి మెయిల్ పంపాను. గుంతల నుంచి వాయువు ఎక్కువగానే వస్తోంది అని. నా చేత్తోనే అక్క పని తీసేసినట్టయింది. కానీ లెక్క లెక్కే అని నాకు నేను చెప్పుకున్నాను.

బుధవారం పొద్దున ఆఫీసుకి బయల్దేరుతూ వెనక వైపు వెళ్ళాను. ముఖం చాటేయడం నాకు చేత కాదు. అక్కకి నేనే చెప్పాలనుకున్నాను.

"అంకె బాగా రాలేదక్కా" అన్నాను.

ఆవిడ పళ్ళకర్ర పక్కన పెట్టి నావైపు చూసింది. "ఎట్లమ్మా? మీరు వస్తారని ఆ పొద్దు రెండు తూర్లు తిరగేసినా గదా. తెల్లారి ఆరుకు ఒక తూరి, మీరు వచ్చే ముందర ఇంగొక తూరి. అడుగుదంతా పైకి తెచ్చి, పైన చేత్తో సమంగా చేసినా."

"రెండుసార్లా? ఎందుకు?"

"ఇంటికి ఎవరన్నా వస్తారంటే ఊడ్చుకోమా అమ్మా? పెద్ద మిషను తెస్తారంటిరి. గుంత గుంతగా కనపడాల గదా."

అక్కడే గట్టు మీద కూలబడ్డాను. కుళ్ళే చెత్త అడుగున రెండు రోజులుగా కొద్దికొద్దిగా చేరిన వాయువంతా తిరగేసిన మరుక్షణం ఒక్కసారి బయటికి వస్తుంది. ఆ తర్వాత తగ్గిపోతుంది. ఇది మా పనిలో మొదటి సంవత్సరం పిల్లలకి కూడా తెలుసు. కుక్కరు మూత తీసిన క్షణంలో ఆవిరి కొలిచి, ఈ ఇంట్లో రోజంతా ఇంతే ఆవిరి అని రాసినట్టుంది నేను చేసిన పని. ఆ పూట లేచిన ఆవిరి కళ్ళారా చూశాను. ఎప్పుడు తిరగేశావక్కా అని ఒక్క ప్రశ్న అడగలేదు. నా మీద నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు.

కార్యదర్శికి ఫోన్ చేశాను. ఆ అంకె తప్పు, మళ్ళీ కొలుస్తానన్నాను.

"మేడం, మీ రిపోర్ట్ ఆల్రెడీ గ్రూప్‌లో పెట్టేశా. సండే ఎలెవెన్‌కి మీటింగ్. అంతలోగా ఇవ్వగలరా?"

"ఇస్తాను."

నాలుగు రోజులు చేతిలో ఉన్నాయి. నేను వేసుకున్న పథకం ఇది. కదిలించకుండా వదిలేస్తే గుంత మామూలుగా ఎంత వదులుతుందో చూడాలి. రోజూ ఒకే వేళకి ఒక కొలత. నాలుగు రోజులు, కాగితం మీద నాలుగు చుక్కలు. వాటిని కలిపి గీత గీస్తే ఎవరూ కాదనలేరు. ఒక్క గుంత చాలు, మధ్యది. డబ్బా దాని మీదే బోర్లించి ఉంచేస్తాను. అయితే మూడు గుంతల్నీ ఒకేలా ఉంచాలి, లేకపోతే పోలిక చెడుతుంది.

అక్క విని తల అడ్డంగా ఊపింది. "నాలుగు దినాలు తిరగేయకుంటే చెడిపోతాదమ్మా. పులుస్తాది. వాసన వస్తాది."

"నాలుగే రోజులక్కా. నీ పని నిలబెట్టడానికే కదా చేస్తున్నాను."

ఆవిడకి నా మాట నచ్చలేదని ముఖంలోనే తెలిసింది. ఎనిమిదేళ్ళు ఆ చెత్తలో చేతులు పెట్టిన మనిషి. నేను ఆ చెత్త గురించి పుస్తకాల్లో చదివినదాన్ని. అయినా పళ్ళకర్ర తీసుకెళ్ళి గోడకి ఆనించింది. "సరేమ్మా. మీరు ఇంగ తిప్పొచ్చు అని చెప్పేదాకా ముట్టుకోను" అంది.

బుధవారం చుక్క కింద పడింది. గురువారం చుక్క దాదాపు దాని పక్కనే పడింది. ఆదివారం వచ్చిన దాంతో పోలిస్తే ఈ రెండూ నేల మీదున్నాయి. గురువారం ఆఫీసు బస్సులో నాలో నేనే నవ్వుకున్నాను. అప్పటికే నా వాదన గెలిచింది. ఆ రెండు చుక్కలు పట్టుకుని వెళ్ళి, అక్కా ఇక తిరగేసుకో అని ఉంటే సరిపోయేది. కానీ రెండు చుక్కల గీత నా కంటికి ఆనలేదు. రెండంటే ఎవరో ఒకరు పెదవి విరుస్తారు. నాలుగుంటే దర్జాగా ఉంటుంది. ఇందులో శాస్త్రం ఎంత, నా పంతం ఎంత అని ఇప్పుడు అడిగితే పంతమే ఎక్కువని చెప్తాను.

శుక్రవారం పొద్దున నేను మీటరు చూస్తుంటే అక్క పక్కకొచ్చి నిలబడింది. "చాలదా అమ్మా? డబ్బా ఎత్తి చూడండి, అడుగున తడి ఎక్కువ అవుతా ఉండాది."

"రెండు రోజులు ఓపిక పట్టక్కా" అన్నాను, కాస్త విసురుగానే. మూడో చుక్క కొంచెం పైకి జరిగింది, ఆ చిరాకు. ఆవిడ కొత్త చెత్త బుట్టల్ని ఒక పక్కకి పేర్చుకుంటూ పోయింది.

శుక్రవారం సాయంత్రం వాన పడింది. బెంగళూరు వాన సంగతి తెలిసిందే, అరగంటలో రోడ్డు చెరువైపోయింది. ఆఫీసులో కిటికీ దగ్గర నిలబడి గుంతల గురించే ఆలోచించాను. రేకు ఉంది గానీ, పక్కల నుంచి జల్లు కొడుతుంది. మామూలుగా అయితే అక్క టార్పాలిన్ కప్పేది. ఇప్పుడు మధ్య గుంత మీద నా డబ్బా, గొట్టం ఉన్నాయి. కప్పవద్దని నేనే చెప్పాను.

శనివారం పొద్దున మా బ్లాకు దాటగానే వాసన తగిలింది. పులిసిన పిండి వాసన కాదు, అంతకంటే ముతకది. డబ్బా మీద నీటి చుక్కలు. మీటరు పెట్టాను. నాలుగో చుక్క నా కాగితంలో మిగతా మూడింటి మీదా ఎక్కి కూర్చుంది. ఆదివారం నాటి తప్పుడు అంకెకి సగం దారిలో ఉంది. గాలందక, నీళ్ళు నిండి, లోపల మగ్గిపోతోంది. మామూలుగా అక్క చేతిలో ఎప్పుడూ జరగనిది నా నాలుగు రోజుల్లో జరిగింది.

అప్పుడు నేనేం చేశానో రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తాను. వాన వల్ల చెడిన కొలత అని పక్కన రాసుకుని, నాలుగో చుక్క తీసేశాను. మూడింటితో గీత గీశాను. మా పనిలో అలా తీసేయడం లేకపోలేదు, కారణం రాస్తే ఒప్పుకుంటారు కూడా. కానీ నేను కారణం కోసం తీయలేదు. రేపటి మీటింగ్ కోసం తీశాను. అక్క అప్పటికింకా రాలేదు, శనివారాలు ఆలస్యంగా వస్తుంది. డబ్బా అలాగే వదిలేసి, స్లైడ్లు తయారు చేయాలని ఇంటికి పరిగెత్తాను.

మధ్యాహ్నం ఇంటర్‌కామ్ మోగింది. గేటు దగ్గర సెక్యూరిటీ. "మేడం, గుంతల ఆంటీ వచ్చారు. మిమ్మల్ని ఏదో అడగాలంట."

నేను రంగులు సరిచేస్తున్నాను. నిజంగా, గీతకి ఆకుపచ్చ బాగుంటుందా నీలం బాగుంటుందా అని చూస్తున్నాను. "తర్వాత మాట్లాడతానని చెప్పు" అని పెట్టేశాను. తర్వాత మాట్లాడలేదు. మరిచిపోయాను.

ఆదివారం పదకొండింటికి క్లబ్ హౌస్ నిండిపోయింది. కిటికీలు మూసి ఉన్నాయి, వాసన వల్ల. అది నేను గమనించాను, ఎందుకో ఆ క్షణంలో నన్ను తాకలేదు. నా పాఠం నోట్లో తిరుగుతోంది. కార్యదర్శి పిలవగానే లేచి నిలబడి, మొదటి మాటే చెప్పాను, "మీ అందరికీ నేను పంపిన అంకె తప్పు. తప్పు నాది." ఎందుకు తప్పో చెప్పాను. ఇంటికి చుట్టాలు వస్తారని ఊడ్చినట్టు ఆవిడ రెండుసార్లు తిరగేసిన సంగతి, కుక్కరు మూత సంగతి చెబితే జనం నవ్వారు కూడా. ఆకుపచ్చ గీత చూపించాను. తడి చెత్త లారీలో అంత దూరం పోయి గుట్టలో మగ్గితే అంతకంటే ఎంతో ఎక్కువ వాయువు వస్తుందని, మన గుంతలే నయమని చెప్పి కూర్చున్నాను.

చప్పట్లు కొట్టారు. కార్యదర్శి లేచి, "మిస్టేక్ ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. మేడమ్‌కి థాంక్స్. ఫస్ట్ రిపోర్ట్ విత్‌డ్రా చేద్దాం" అన్నాడు. నాకు ఒళ్ళంతా తేలికైపోయింది. అక్క పని నిలిచిందనే అనుకున్నాను.

అప్పుడు ఆఖరి బ్లాకు కింది అంతస్తులో ఉండే పెద్దాయన లేచారు. గుంతలకి ఎదురుగా వాళ్ళ బాల్కనీ. బ్యాంకులో చేసి రిటైరైన మనిషి, నెమ్మదస్తుడు. "అంకెల సంగతి నాకు తెలీదమ్మా. ముక్కు సంగతి చెప్తాను. ఎనిమిదేళ్ళలో ఇట్లా ఎప్పుడూ లేదు. నిన్నటి నుంచి మా ఆవిడ వంటింట్లోకి పోలేకపోతోంది. మీ గీత అంత కిందికి ఉంటే ఈ కంపు ఎక్కడిది?" అన్నారు.

హాలంతా ఒక్కసారి గొణుగుడు మొదలైంది. మాకూ వస్తోంది అని ఒకరు, పిల్లలు వెనక్కి ఆడుకోడానికి పోవట్లేదని ఒకరు. కార్యదర్శి నావైపు చూశాడు. నేను కాగితం వైపు చూశాను. "ఆవిడనే పిలిచి అడుగుదాం" అని ఎవరో అన్నారు.

అక్క వచ్చింది. చెప్పులు గుమ్మం బయట విడిచి, లోపలికి రెండడుగులు వేసి ఆగింది. కార్యదర్శి మర్యాదగానే అడిగాడు. "ఏమ్మా, గుంతలు ఎందుకు అంత స్మెల్ వస్తున్నాయి? తిరగేయట్లేదా?"

ఆవిడ నావైపు చూసింది. ఒక్కసారే. తప్పు పట్టే చూపు కాదది. నేను లేస్తానేమో అని చూసింది, అంతే. పెళ్ళి పందిట్లో కూడా ఆగని నా నోరు ఆ నిమిషం పెగల్లేదు. ఒక తప్పు ఒప్పుకున్నందుకు ఇప్పుడే చప్పట్లు కొట్టారు. ఇంకో తప్పు, ఆ వెంటనే నాలుగో చుక్క, ఇవన్నీ బయటపెడితే ఇక నా ఏ అంకెనీ ఎవరూ నమ్మరు అనుకున్నాను. అక్క పని గురించి కాదు, నా గీత గురించి ఆలోచించాను. ఆ నిమిషంలో నేనెవరినో నాకు బాగా తెలిసింది.

"ఒళ్ళు బాగలేదప్పా" అంది అక్క. "నాలుగు దినాలు తిరగేయలేదు. తప్పు నాదే."

"ఒళ్ళు బాగాలేకపోతే చెప్పాలి కదమ్మా" అన్నాడు కార్యదర్శి. నిజంగానే జాలిగా అన్నాడు. ఆవిడ తలూపి బయటికి వెళ్ళిపోయింది. పెద్దాయన ఇబ్బందిగా కూర్చుని, "పాపం ఒక్క మనిషి మీద పెట్టి నడపడం కష్టమేనయ్యా. రేపు ఇంకోసారి ఒళ్ళు బాగాలేకపోతే?" అన్నారు. ఆ మాట అందరికీ సబబుగా తోచింది. కోపం మీద కాదు, సానుభూతితోనే చేతులెత్తడానికి సిద్ధమయ్యారు. గుంతలు తీసేయడానికి ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి అన్నారు. చేతులు లేచాయి. లెక్కపెట్టారు.

నేను అప్పుడు లేచాను. "ఆవిడకి ఒంట్లో బాగానే ఉంది. నేను వద్దన్నాను తిరగేయొద్దని. కప్పవద్దని కూడా నేనే అన్నాను. నాలుగో రోజు కొలత మీకు చూపించలేదు" అన్నాను. కుర్చీలు అప్పటికే జరుగుతున్నాయి. సగంమంది విన్నారు, సగంమంది వినలేదు.

కార్యదర్శి నా దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు, "మేడం, ఓటింగ్ అయిపోయింది. మినిట్స్‌లో రాసేశారు. ఆవిడ పోస్ట్ గురించి గార్డెన్ సైడ్ ఏమైనా చూద్దాం." చూస్తామనే మాటకి అపార్ట్‌మెంటు మీటింగుల్లో ఏం విలువుంటుందో నాకు తెలుసు. గార్డెన్‌కి ఒక కాంట్రాక్టు ఉంది, వాళ్ళ మనుషులు వాళ్ళకున్నారు. తర్వాత ఎవరూ ఏదీ చూడలేదు.

వెనక వైపు వెళ్ళాను. కాళ్ళు ఈడ్చుకుంటూ వెళ్ళానంటే అబద్ధం, దాదాపు పరిగెత్తాను. ఎవరో అప్పటికే చెప్పేశారు ఆవిడకి. గట్టు మీద కూర్చుని ఉంది. ఎండుటాకుల బస్తాలు మూడు విప్పి, మూడు గుంతల ముందూ సిద్ధంగా పెట్టుకుంది. పళ్ళకర్ర గోడకి ఆనించిన చోటే ఉంది, బుధవారం నుంచీ. మధ్య గుంత మీద నా స్టీలు డబ్బా బోర్లించే ఉంది.

"ఎందుకక్కా అలా చెప్పావు? నా పేరు చెప్పొచ్చు కదా" అన్నాను. ఏడుపు ఆగలేదు.

"మీరు మంచికే చేస్తిరి గదమ్మా. అంతమంది ముందర మీకు తల కొట్టేసినట్టు అయితే ఎట్ల?" అంది. కొంగుతో చెయ్యి తుడుచుకుంది. "నెలాకరు దాకా ఉండమన్నారంట. సెక్యూరిటీ చెప్పినాడు."

క్షమించమన్నాను. ఆవిడ అది విన్నట్టు లేదు. లేచి గుంత దగ్గరికెళ్ళి, డబ్బాకి ఒక జానెడు దూరంలో చెయ్యి పెట్టి, తాకకుండానే, వేడి చూసింది.

"నిన్న అడగాలని వచ్చినా, మీకు పని ఉన్నింది" అంది. "ఇంగ తిప్పొచ్చా అమ్మా?"

నేను వంగి, రెండు చేతులతో డబ్బా ఎత్తి పక్కన పెట్టాను. ఆవిడ పళ్ళకర్ర తీసుకుంది.